పద్నాలుగు క్రెడిట్ల మరుపు

మా ఉపకులపతి ఆచార్య భీమశంకరంగారు పన్ను పీకించుకున్న రోజున ఈ వ్యవహారం మొదలైంది. పన్ను అనగానే మా విశ్వవిద్యాలయంలో అందరూ జీతంలో కోత అనుకుని గుండె పట్టుకుంటారు గానీ, ఇది నిజంగా నోట్లో పన్నే, కుడివైపు దవడ పన్ను. డాక్టరు దాన్ని పీకి, ఆ గుంటలో దూది కుక్కి, గంటసేపు నోరు మెదపవద్దన్నాడు. ఆ గంటలోనే రిజిస్ట్రారుగారు ఫోన్ చేశారు.

రిజిస్ట్రారు ప్రయాగ విశ్వమోహనరావుగారు మనిషితో మాట్లాడినా సర్క్యులరు చదివినట్టే మాట్లాడతారు. విషయమేమనగా, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల కోర్సు ముగించిన ఒక అభ్యర్థిని మన డిగ్రీలో మధ్యలో చేరగోరుచున్నది. మన నిబంధన ప్రకారం ఎనభై క్రెడిట్లు కలిగియుండవలెను. ఈమెకు తొంభై నాలుగు కలిగియున్నవి. తక్కువైనచో ఏమి చేయవలెనో నిబంధన కలదు. ఎక్కువైనచో ఏమి చేయవలెనో నిబంధన లేదు. తమ ఆదేశం కోరడమైనది.

అవతల దూది చాటునుంచి నాలుగు మాటలు వచ్చాయి. ఉపకులపతి ఏమన్నారో ఆయన నాలుకకే తెలియాలి. రిజిస్ట్రారు చెవికి మాత్రం "ఎక్కువైనవి మరిచి చేర్చుకోండి" అని వినిపించింది.

ఇంకొకరైతే మళ్లీ అడిగేవారు. పైవారి మాట వినపడలేదనడం వినయం కాదని రిజిస్ట్రారుగారి సిద్ధాంతం. ఆ సాయంత్రమే ఉపకులపతి ఆ దూదితోనే విమానం ఎక్కి నెల్లాళ్ల విదేశీ పర్యటనకు వెళ్లిపోయారు. అక్కడి విశ్వవిద్యాలయాలు ఎలా నడుస్తున్నాయో చూడడానికి వెళ్లారు. ఇక్కడిది ఎలా నడుస్తోందో చూడడానికి మేం మిగిలాం.

క్రెడిట్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట చెప్పాలి. మా వీధి కిరాణా కొట్లో క్రెడిట్ అంటే అప్పు. ఎక్కువైతే సరుకు ఇవ్వరు. విశ్వవిద్యాలయంలో క్రెడిట్ అంటే చదివిన చదువుకు కొలత. అది ఎక్కువైనా సీటు ఇవ్వరని నాకూ అప్పుడే తెలిసింది.

నేను తెలుగు శాఖలో పాఠాలు చెప్పుకునేవాణ్ని. అభ్యర్థిని కడలి లోవకుమారిని అంతకు ముందు రోజే ప్రవేశాల కిటికీ దగ్గర చూశాను. సముద్రం పక్క ఊరు, ఇంటిపేరు కూడా కడలే. పక్కన వాళ్లమ్మ మంగతాయారు. రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచే పని ఆమెది. ఒలిచి ఒలిచి ఆమెకు మాటల్లో కూడా పొట్టు ఉండదు. కిటికీ లోపలి గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏ కమ్యూనిటీ?"

"కమ్యూనిటీ కాలేజీ అండి."

"అది సరేనమ్మా. ఏ కమ్యూనిటీ వాళ్ల కాలేజీ?"

"అందరిదీనండి."

"అందరిదీ అనే గడి ఇక్కడ లేదు."

"అందుకేనా బాబూ," అంది మంగతాయారు వెనక్కి తిరిగి వరస చూసి, "అందరూ బయట నిలబడిపోయేరు."

వరసంతా నవ్వితే ఆ నవ్వులో నేనూ కలిసి, వాళ్ల సంగతి కనుక్కున్నాను. వాళ్ల ఊరి కాలేజీలో చేపల రొయ్యల పెంపకం కోర్సులో చేరింది ఈ పిల్ల. అక్కడ ఏ సెక్షన్‌కైనా పదిమంది లేకపోతే ఆ సెక్షన్ ఎత్తేస్తారట. కుట్టుపని సెక్షన్‌లో తొమ్మిదిమంది ఉన్నారని, ఆ కుట్టు టీచరమ్మ బతిమాలితే పదో మనిషిగా కూర్చుంది. తేనెటీగల పెంపకంలోనూ అంతే, డీజిల్ ఇంజన్ల మరమ్మతులోనూ అంతే. ఎక్కడ ఒకరు తగ్గితే అక్కడ లోవకుమారి. మూడు సెక్షన్లూ నిలబడ్డాయి, ముగ్గురు టీచర్ల ఉద్యోగాలూ నిలబడ్డాయి, ఈమెకు పద్నాలుగు క్రెడిట్లు మిగిలిపోయాయి. ఆమె చేసిన ఉపకారం ఉపక్రెడిట్ అయి కూర్చుంది.

మా దగ్గర ఆక్వా డిగ్రీలో, అంటే చేపల రొయ్యల చదువులో, మధ్యలో చేరేవాళ్లకు ఒక్కటే సీటు. నెలాఖరు సాయంత్రం లోపల భర్తీ కాకపోతే ఆ సీటే రద్దు. అది పోతే లోవకుమారి వాళ్లమ్మ పక్కన షెడ్డులో ముక్కాలిపీట వేసుకోవాలి. పీటకీ సీటుకీ ఒక్క అక్షరమే తేడా గానీ ఆ పిల్లకు అది చాలా తేడా.

"మా వైపు చెరువులో రొయ్యలు తేలిపోతే ఎందుకు తేలాయో చెప్పే మనిషి లేడండి," అంది నాతో. "పట్నం నించి ఎవరో వచ్చి నీళ్లు పట్టుకెళ్లి చెప్పేలోగా చెరువు ఖాళీ అయిపోద్ది. ఆ నీళ్లు చూడ్డం నేర్చుకోవాలండి నేను. అంతే."

ఇంత చిన్న కోరికను మా విశ్వవిద్యాలయం ఎంత పెద్దది చేసిందో ఇక చెబుతాను.

మర్నాడే ఒక సంఘం ఏర్పడింది. రిజిస్ట్రారు అధ్యక్షులు. విద్యావ్యవహారాల డీన్ సదానందంగారు సభ్యులు. ఈయన పేరులో ఆనందం ఉంది గానీ డీన్ అయిన నాటినుంచి దీనంగానే ఉంటారు. సంఘానికి పేరు పెట్టడానికి నన్ను పిలిచారు. తెలుగు శాఖలో ఉన్నవాడికి పదోన్నతి రాదు గానీ పదోత్పత్తి తప్పదు. 'అధిక విద్యా విస్మరణ సమితి' అని పెట్టాను. సమితి అంటే స-మతి, అంటే మతి ఉన్నది అన్నట్టు వినపడుతుందని డీన్‌గారు మెచ్చుకుని, నన్నూ అందులో వేసేశారు. నోరు జారినందుకు నాకు పడిన శిక్ష.

రిజిస్ట్రారు గొంతు సవరించుకున్నారు. ఉపకులపతివారి మౌఖిక ఆదేశం సుస్పష్టమైనదనీ, ఎక్కువైనవి మరిచి చేర్చుకోవలసి ఉన్నదనీ, అయితే మరవవలసినది ఎవరు అన్నది మాత్రమే సమితి తేల్చవలసి ఉన్నదనీ సెలవిచ్చారు.

నాకు వ్యాకరణం గుర్తొచ్చింది. "తెలుగులో 'మరిచి చేర్చుకోండి' అంటే మరిచేవారూ చేర్చుకునేవారూ ఒకరే సార్. తిని వెళ్లండి అంటే తినేదీ వెళ్లేదీ ఒకడే కదా. ఆ పద్నాలుగూ మనమే మరిచిపోయి ఆ అమ్మాయిని చేర్చేసుకుంటే సరిపోతుంది."

"మాస్టారూ," అన్నారు రిజిస్ట్రారు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "విశ్వవిద్యాలయం మరవాలంటే పాలకమండలి తీర్మానం కావాలి. విద్యార్థి మరవాలంటే పరీక్ష చాలు."

పాలకమండలి సమావేశానికి పాలు, పలహారం తప్ప తీర్మానాలు కుదరవని అందరికీ తెలుసు. కనుక పరీక్షే ఖాయమైంది. కుట్టుపనిలో నాలుగు, తేనెటీగల్లో నాలుగు, డీజిల్ ఇంజన్లో ఆరు, వెరసి పద్నాలుగు క్రెడిట్ల చదువును అభ్యర్థిని సంపూర్ణంగా మరచినట్టు పరీక్షలో నిరూపించుకోవాలి. నిరూపించుకుంటే ఎనభై మిగులుతాయి, సీటు దక్కుతుంది.

లోవకుమారిని పిలిచి ఈ సంగతి చెప్పాం. ఆ పిల్ల మర్యాద తెలిసినది. మా మొహాలు చూసి, మేం నిజంగానే అంటున్నామని అర్థం చేసుకుని, "ఆయ్, అలాగేనండి. ఏమేం మర్చిపోవాలో చెప్తే రాసుకుంటాను," అంది.

"రాసుకోకమ్మా," అన్నారు డీన్‌గారు దీనంగా. "రాసుకుంటే గుర్తుండిపోతుంది."

పరీక్ష అంటే తరగతులు ఉండాలి, తరగతులు అంటే హాజరు ఉండాలి. మరుపు చెప్పడానికి ఒక విశ్రాంత ఆచార్యులను వేశారు. ఆయన మొదటి రోజు వచ్చి చక్కగా చెప్పారు. రెండో రోజు రావడం మరిచిపోయారు. బోధకుడే ఆచరించి చూపాడని సమితి ఆయన్ని అభినందిస్తూ తీర్మానించి, ఇంకొకరిని వేసింది. ఈ రెండో ఆయన శ్రద్ధ గలవాడు. తేనెటీగల గురించి ఏమేం మరవాలో పాఠం పాఠంగా విడదీసి, రాణీగ దగ్గర మొదలుపెట్టి రోజూ రెండు గంటలు చెప్పేవాడు. ఆయన చలవవల్ల, పాత కాలేజీలో అరకొరగా వచ్చిన చదువు కూడా ఆ పిల్లకు పూర్తిగా వచ్చేసింది. మరుపు నేర్పబోయి మెరుపు నేర్పాడు.

గేటు బయట చెట్టు కింద కూతురికోసం కూర్చునే మంగతాయారుకు ఈ తతంగం ఎంతకీ తలకెక్కలేదు. షెడ్డుకు సెలవు పెట్టి వస్తోంది పాపం. ఒకరోజు నన్ను ఆపి అడిగింది.

"మాస్టారండీ, మా ఇంట్లో ఎప్పుడూ ఇదే గోల. చదివింది గుర్తెట్టుకో, గుర్తెట్టుకో అని చిన్నప్పట్నించీ దాని నెత్తిన మొట్టి చెప్పేను. ఇప్పుడేంటి, ఆ మొట్టినదంతా మీరు తీసేత్తారా?"

పద్నాలుగు క్రెడిట్లకు సరిపడా మొట్టికాయలు మాత్రమే తీసేస్తామని చెప్పాను. ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరపురానిది. సమితి సభ్యుణ్నై ఉండి ఈ మాట అనకూడదు.

ప్రశ్నపత్రం తయారుచేసే భారం నామీదే పడింది. జీవితంలో మొదటిసారి, జవాబు రాకూడదని కోరుకుంటూ ప్రశ్నలు రాశాను. 'తేనెటీగ అనగానేమి? తెలియనిచో, ఎంత తెలియదో వివరింపుము.' 'సూదిలో దారము ఏ చివరనుండి ఎక్కించరో తెలియనివారు ఎట్లు ప్రవర్తింతురు?' 'ఈ క్రింది వానిలో డీజిల్ ఇంజన్ కానిది ఏది? అన్నియు కాదని నీకు అనిపించినచో కారణము చెప్పనక్కరలేదు.'

పరీక్ష రోజున తనిఖీ బృందం దిగింది. మామూలుగా వాళ్లు చీటీలు వెతుకుతారు. ఈసారి చీటీ తెచ్చుకున్నవాడే అసలైన మరుపు గలవాడు కనుక చీటీలను వదిలేసి, జ్ఞాపకాలను వెతికారు. పర్యవేక్షకుడి చొక్కాకు ఒక బొత్తాం దారంమీద వేలాడుతోంది. అభ్యర్థిని దానివైపు రెండుసార్లు చూసినదనీ, చూసినప్పుడు ఆమె వేళ్లు కదిలినవనీ, కుట్టుపని స్మృతిలో ఉన్నట్లు అనుమానించడమైనదనీ నమోదు చేశారు. పాపం లోవకుమారి చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

అదే హాల్లో ఇంకో వందమంది వేరే పరీక్షలు రాస్తుండగా, ఇంజన్ల పరీక్ష మధ్యలో కరెంటు పోయింది. హాలు పక్కనే ఉన్న జనరేటరు ఒకసారి గుర్రుమని, దగ్గి, ఆగింది. మళ్లీ వేస్తే మళ్లీ దగ్గింది. ఆ ఉక్కలో ప్రశ్నపత్రాలన్నీ విసనకర్రలయ్యాయి. రిజిస్ట్రారుగారు చెమట తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి, ఇక్కడ డీజిల్ ఇంజన్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

నేను లోవకుమారివైపు చూశాను. ఆ దగ్గు ఏమి దగ్గో ఆ పిల్లకు విన్న వెంటనే తెలిసిపోయిందని మొహమే చెబుతోంది. పెదాలు బిగబట్టింది. లేచి చేయి వేస్తే అందరికీ గాలి వస్తుంది, ఆమెకు సీటు పోతుంది. లేవకపోతే సీటు వస్తుంది, ఎవరికీ గాలి రాదు. పది మందికోసం పదో మనిషిగా కూర్చున్న పిల్ల, వందమంది ఉడికిపోతుంటే కూర్చున్నచోటే కూర్చోవలసి వచ్చింది. కళ్లు మూసుకుని, నాలుగు గోడల మధ్య ఇంజన్ అనేదే పుట్టలేదన్నట్టు కూర్చుంది. మూడు పరీక్షల్లోనూ తెల్లకాగితాలు ఇచ్చి బయటికి వచ్చింది.

"డీజిల్ దారిలో గాలి దూరిందండి, ఆ గాలి వదిలేస్తే లేచిపోయేది," అంది నాతో మెల్లగా. "నాకు సిగ్గేసింది, మాస్టారూ. రాకపోతే సిగ్గుపడతారు గానీ, వచ్చి కూడా సిగ్గుపడ్డం ఇదే మొదలండి."

నాకు మొదటిసారి శ్లేష ఏదీ తోచలేదు.

తెల్లకాగితాలు దిద్దిన ఆచార్యులు పొంగిపోయి నూటికి నూరు వేశారు. ఒక్క అక్షరం కూడా తప్పు లేదని రాశారు. ఆ మార్కులు కంప్యూటరులోకి వెళ్లాయి. అది ఏనాడూ ఏ సమితిలోనూ కూర్చోని అమాయకపు యంత్రం. దానికి తెలిసిందల్లా ఒకటే: ఫలానా విద్యార్థిని కుట్టుపనిలో నూరు, తేనెటీగల్లో నూరు, ఇంజన్లో నూరు. పాసైనవాళ్లకు క్రెడిట్లు ఇవ్వాలి. ఇచ్చేసింది. తొంభై నాలుగు కాస్తా నూట ఎనిమిది అయ్యాయి.

సమితి అత్యవసరంగా సమావేశమైంది. "అభ్యర్థిని మరుపునందు అత్యుత్తమ ప్రతిభ కనబరచినందున అధికము మరింత అధికమైనది," అని రిజిస్ట్రారు ప్రకటించారు. క్రెడిట్లు తగ్గాలని పరీక్ష పెడితే పెరిగాయి కనుక, ఈ మరుపును కూడా మరవాలి, దానికి ఇంకో పరీక్ష పెట్టాలి అన్నారు. ఇది అంతులేని నూతిలా ఉందని నేను అన్నాను. నూతి కాదు, నూతన విధానం అన్నారు ఆయన. 'మరుపు విస్మరణ' పరీక్ష పెట్టారు. ఆమెకు ఏం రాయాలో తెలియక మళ్లీ తెల్లకాగితమే ఇచ్చింది. మళ్లీ నూరు, మళ్లీ పద్నాలుగు. నూట ఇరవై రెండు.

ఈలోగా వార్త బయటికి పొక్కింది. ఏళ్ల తరబడి పరీక్షలు తప్పి, ఊళ్లో పెళ్లిళ్లకు పందిళ్లు వేసుకుంటున్న పాత విద్యార్థులు మందలు మందలుగా వచ్చేశారు. వాళ్ల వాదనలో బలం ఉంది. ఈ అమ్మాయి పద్నాలుగు క్రెడిట్లు మరవడానికి తరగతులు పెట్టించుకుంది, మేం డిగ్రీ మొత్తం ఎవరి సాయమూ లేకుండా సొంతంగా మరిచిపోయాం, మాకు ఎందుకివ్వరు అన్నారు. చేరిన వారంలోనే మరిచానని ఒకడు, చేరకముందే మరిచానని ఇంకొకడు. తాను ఏ శాఖ విద్యార్థో కూడా మరిచానని చెప్పినవాణ్ని, డీన్‌గారు పరిశోధన కోర్సుకు అర్హుడని దీనంగా సిఫారసు చేశారు.

రిజిస్ట్రారు మాత్రం మహోత్సాహంలో ఉన్నారు. చదువు చెప్పే విశ్వవిద్యాలయాలు వీధికొకటి ఉన్నాయి, చదువు తీసే విశ్వవిద్యాలయం దేశంలో మనదొక్కటే అని పత్రికలవాళ్లకు చెప్పారు. వారూ రాశారు. ఇంకేం, పొరుగు విశ్వవిద్యాలయాల వాళ్లు మా సిలబస్ అడుగుతూ ఫోన్లు చేశారు. సిలబస్ ఎక్కితే చేరేచోటికి చేరాలి, మాది ఎక్కినచోటే దింపే బస్ అని నేను మనసులో అనుకున్నాను. ఖాళీగా ఉన్న సైకిల్ షెడ్డుకు సున్నం కొట్టి 'మరుపు అధ్యయన కేంద్రం' అన్నారు. ఉపకులపతి తిరిగివచ్చే రోజున ఆయన చేతులమీదుగానే ప్రారంభోత్సవం. ఆ రోజే నెలాఖరు. ఆ సాయంత్రంతోనే ప్రవేశాల గడువు.

ముందురోజు పొద్దున్న లోవకుమారి నా గదికి వచ్చింది. ఎప్పుడూ నిదానంగా మాట్లాడే పిల్ల, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"రేపు సభలో నాకు పట్టా ఇత్తారంటండి."

ఏ పట్టా అని అడిగాను.

"డిగ్రీ పట్టా అండి. నూట ఇరవై దాటితే డిగ్రీ అయిపోయినట్టేనంట. కంప్యూటరు అచ్చుగుద్దేసిందంట. మరుపు కేంద్రం తొలి పట్టభద్రురాలు అని పిలిచి ఇత్తారంట. పట్టా తీసుకున్నోళ్లని మళ్లీ చేర్చుకోవడానికి రూలు లేదంటండి. సీటు పోయినట్టే."

చేరకుండానే పాసైపోయిన మొదటి విద్యార్థిని ఆమే అయి ఉంటుంది. అందరూ ఈ కాగితం కోసం చస్తారు కదమ్మా అని పిచ్చిమాట ఒకటి అన్నాను.

"ఒక్క పాఠం చెప్పకుండా పట్టా చేతిలో పెడితే, రేపు చెరువులో నేనేం చూడాలండి?" అంది. "నా మొహమా?"

వెంటనే రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాను. ఆయన శాంతంగా విన్నారు. ఆదేశం ఉపకులపతివారిది, సవరించే అధికారమూ వారిదే, వారు ఆకాశంలో ఉన్నారు అన్నారు. దేవుడి గురించి చెప్పినట్టే చెప్పారు.

మర్నాడు మధ్యాహ్నం సైకిల్ షెడ్డు ముందు షామియానా నిండిపోయింది. ముందు వరసల్లో ఆచార్యులు, వెనక పాత విద్యార్థులు, ఒక చివర మంగతాయారు. ఉపకులపతి విమానం దిగి సరాసరి వచ్చారు. విదేశంలో కట్టించుకున్న కొత్త పన్ను తళతళలాడుతోంది. ఒక్కో అక్షరం గంట కొట్టినట్టు పలుకుతున్నారు. ఇక్కడ ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామని రిజిస్ట్రారుగారి ఉద్దేశం. అది మాత్రం పూర్తిగా నెరవేరింది.

రిజిస్ట్రారు మైకు ముందుకొచ్చారు. ఒకే ఒక్క వాక్యంతో విద్యారంగం దిశ మార్చిన దార్శనికులు మన ఉపకులపతివారని, ఆ వాక్యాన్ని శాశ్వతంగా గుర్తుంచుకోవడానికి నల్లరాతిమీద చెక్కించామని చెప్పారు. మరుపు కోసం శిలాఫలకం వేయించిన సంస్థ మాదొక్కటే అయి ఉంటుంది. ఉపకులపతి తెర తీశారు. కళ్లజోడు సర్దుకుని పైకి చదివారు.

"ఎక్కువైనవి మరిచి చేర్చుకోండి." చదివి వెనక్కి తిరిగారు. "ఇది ఎవరన్నారు?"

"తమరే సార్. పన్ను పీకించుకున్న రోజున."

"నేను మరిచి అనలేదే. మార్చి అన్నాను."

రిజిస్ట్రారు మొహంలో రంగు దిగిపోయింది. వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకుని, "మార్చిలోనా సార్? ఇప్పుడు ఆగస్టే. మార్చిలో అయితే విద్యాసంవత్సరమే ముగింపుకొచ్చేస్తుంది," అన్నారు.

"నెల కాదయ్యా. మార్చడం. ఎక్కువైన క్రెడిట్లని ఐచ్ఛికాంశాల కింద మార్చి, ఆ అమ్మాయిని చేర్చుకోండి అన్నాను. ఒక్క సంతకం పని."

మైకు పనిచేస్తూనే ఉంది కనుక ఈ మాటలు షామియానా అంతా వినపడ్డాయి. మా విశ్వవిద్యాలయ చరిత్రలో వెలువడిన ఒకే ఒక్క తెలివైన ఉత్తర్వు అది. దాన్ని మేం వినలేకపోయాం.

డీన్‌గారు ఎప్పటికంటే దీనంగా లేచి, మరుపులో వచ్చిన ఇరవై ఎనిమిది క్రెడిట్లూ, అచ్చయిపోయిన పట్టా సంగతీ విన్నవించుకున్నారు. ఉపకులపతి ఆయన వైపు తిరిగారు.

"ఆ ఇరవై ఎనిమిదీ మీరే మరిచిపోండి," అన్నారు. "ఇప్పుడు సరిగ్గానే విన్నారు. మరిచిపోండి."

లోవకుమారిని వేదిక మీదికి పిలిచి ఏం కావాలని అడిగారు. ఆ పిల్ల పట్టా వైపు చూడకుండా, సీటండి, అంది. అక్కడే, పూలదండల బల్లమీదే, రిజిస్ట్రారుగారి కలంతోనే సంతకమైంది. గడువుకు ఇంకా గంట ఉంది. ఆ పిల్ల దణ్ణం పెట్టి, నీళ్ల ప్రయోగశాల ఎటువైపని ఉపకులపతినే అడిగింది. ఆయనకు తెలియదు. నేను చూపించాను.

సభలో మాత్రం కలకలం ఆగలేదు. మార్చి అంటున్నారని, వేసవికి వాయిదా పడిందని, కాదు మరిచిపోయారని, వెనక వరసల్లో ఎవరికి తోచింది వారు చెప్పుకుంటున్నారు. తెలుగు మాస్టారు అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని ఉపకులపతి నన్ను ముందుకు తోశారు. సుద్దముక్క తీసుకుని, శిలాఫలకం మీద 'మరిచి' కింద పెద్ద అక్షరాలతో 'మార్చి' అని రాశాను. చూడండి, ఉపకులపతివారు అన్నది ఇది, మకారానికి దీర్ఘం ఉంది. దవడలో దూది ఉండడంవల్ల ఆ దీర్ఘం గొంతులోనే ఉండిపోయింది. అది పోయేసరికి 'మార్చి' కాస్తా 'మర్చి' అయి, 'మరిచి' అన్నట్టు రిజిస్ట్రారుగారి చెవిలో పడింది. జరిగిన పొరపాటు ఇంతే, ఇందులో ఎవరి కుట్రా లేదు అని వివరించాను.

వెనక చివరనుంచి మంగతాయారు లేచి నిలబడింది.

"అంటే మాస్టారండీ, ఆ బాబుగారు ఓ దీర్ఘం తీయలేదని," అంది, అందరికీ వినపడేలా, "మీరందరూ కలిసి మా పిల్లని నెల్లాళ్లు సాగదీశారన్నమాట."

అవునని ఒప్పుకున్నాను. ఆ తరవాత ఎవరికీ ఏ సందేహమూ మిగల్లేదు.